ఆయాసం తగ్గింది... లోపలి వాపు తగ్గిందా?

ఉదయగిరి నుంచి నెల్లూరుకు దాదాపు 100 కిలోమీటర్లు. అర్ధరాత్రి బిడ్డ డొక్కలెగరేస్తుంటే ఆ దూరం ఎంతో కన్నవాళ్లకే తెలుస్తుంది. సాయంత్రం దాకా వీధిలో దుమ్ములో ఆడుకున్నాడు, బాగానే ఉన్నాడు. అన్నం తిని పడుకున్నాక దగ్గు, తెల్లవారుజామున పిల్లికూతలు. ‘ఉన్నట్టుండి వచ్చింది’ అనుకుంటాం. నిజానికి ఉన్నట్టుండి రాలేదు. దానికి సన్నాహాలు ముందే మొదలయ్యాయి. చేసింది ఊపిరితిత్తుల్లోని కొన్ని ప్రొటీన్లు.

కణాల మధ్య కబుర్లు

ఇక్కడ ప్రొటీన్లంటే పప్పులో, గుడ్డులో ఉండేవి కావు. మన కణాలు ఒకదానికొకటి కబురు పంపుకోవడానికి తయారు చేసుకునేవి. దుమ్ములోని అలర్జీ కారకం శ్వాసనాళం లోపలి పొరను తాకగానే అక్కడి కణాలు టీఎస్‌ఎల్‌పీ అనే ప్రొటీన్‌తో ప్రమాద ఘంటిక మోగిస్తాయి. అది విని రోగనిరోధక కణాలు మరో మూడింటిని వదులుతాయి.

ఐఎల్-4 పని ‘ఐజీఈ’ యాంటీబాడీలను తయారు చేయించడం. 1966లో ఇషిజాకా దంపతులు అమెరికాలో గుర్తించింది ఈ ఐజీఈనే. ఇది మాస్ట్ కణాల మీద పన్నిన ఉచ్చులా కూర్చుంటుంది. అదే దుమ్ము మళ్లీ తగిలితే ఆ కణాలు హిస్టమిన్, ల్యూకోట్రయీన్ల వంటి రసాయనాలను గుమ్మరిస్తాయి. నిమిషాల్లో నాళాలు బిగుసుకుంటాయి. ఐఎల్-13 కళ్లెను పెంచుతుంది. ఐఎల్-5 ఇయోసినోఫిల్ అనే తెల్లకణాలను పెంచి, ఊపిరితిత్తులకు చేరేందుకు తోడ్పడుతుంది. ఇవి వచ్చి చేరేది కొన్ని గంటల తర్వాత. సాయంత్రం పీల్చిన దుమ్ముకు రాత్రి ఆయాసం రావడానికి ఇదొక కారణం.

రక్తపరీక్ష చూసి ‘ఈస్నోఫీలియా ఉంది’ అనడం మనకు అలవాటు. అది జబ్బు పేరు కాదు, పెరిగిన కణాల లెక్క. నులిపురుగులున్నా, ఫైలేరియా క్రిముల వల్లా అది పెరగొచ్చు. వాటికి వైద్యం వేరు. కాబట్టి కారణం తేల్చుకోకుండా పాత చీటీతో మందులు కొనొద్దు.

మన చుట్టూ ఏముంది?

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతం మెట్ట సీమ. బీడుల్లో సర్కారు తుమ్మ, వానలు పడ్డాక వయ్యారిభామ. రెండింటి పుప్పొడీ అలర్జీ కారకమే. ఉదయగిరి అనగానే గుర్తొచ్చేది చెక్క స్పూన్లు. చెక్కను గరుకు కాగితంతో రుద్దినప్పుడు లేచే సన్నని పొడి కొందరిలో ఆస్తమాకు కారణం కావొచ్చు. పొగాకు బ్యారన్ల పొగ, కట్టెల పొయ్యి, దోమల చుట్ట అలర్జీ కారకాలు కాకపోయినా అప్పటికే వాచిన నాళాలను రెచ్చగొడతాయి. ఇక పరుపుల్లో, దిండ్లలో కంటికి కనబడని దుమ్ము పురుగులు అన్ని ఇళ్లలో ఉండేవే.

రెండు మందులు, రెండు పనులు

చాలా ఇళ్లలో పొరపాటు జరిగేది ఇక్కడే. సాల్బుటమాల్ బిగుసుకున్న కండరాన్ని వదులు చేస్తుంది. నిమిషాల్లో హాయిగా ఉంటుంది. కానీ ప్రొటీన్ల కబుర్లను ఆపలేదు. వాపు అలాగే ఉంటుంది. ఆ పని చేసేది రోజూ పీల్చే స్టెరాయిడ్ ఇన్‌హేలర్. అది కణాల్లోకి వెళ్లి ఆ ప్రొటీన్ల తయారీనే తగ్గిస్తుంది. పూర్తి ఫలితానికి కొన్ని వారాలు పడుతుంది. అందుకే ‘వాడినా తేడా లేదు’ అని కొందరు, ‘తగ్గిపోయిందిగా’ అని కొందరు మధ్యలో మానేస్తారు. వాపు మళ్లీ మొదలవుతుంది. పెద్దవాళ్లు, 12 ఏళ్లు దాటిన పిల్లలు సాల్బుటమాల్ ఒక్కదానితోనే నెట్టుకురాకూడదని ప్రపంచ ఆస్తమా మార్గదర్శకాలు (గినా) 2019 నుంచీ చెబుతున్నాయి.

‘ఇన్‌హేలర్ అలవాటైపోతుంది’ అన్న భయమా? అలవాటు కాదు. పైగా మోతాదు చూడండి. 4 మి.గ్రా. సాల్బుటమాల్ మాత్రలో ఉన్న మందు, 100 మైక్రోగ్రాముల పఫ్‌లు 40 పీల్చిన దానితో సమానం. మాత్ర ఒళ్లంతా తిరుగుతుంది, పఫ్ నేరుగా ఊపిరితిత్తులకు చేరుతుంది. పిల్లలకు స్పేసర్ తప్పనిసరి. స్టెరాయిడ్ పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మాలి.

ఇవన్నీ సరిగ్గా వాడినా లొంగని తీవ్ర ఆస్తమాకు ఐజీఈని అడ్డుకునే ఒమలిజుమాబ్, ఐఎల్-5ను అడ్డుకునే మెపోలిజుమాబ్ ఇంజెక్షన్లున్నాయి. ఖరీదైనవి. నిపుణులు పరీక్షించి కొద్దిమందికే ఇస్తారు.

ఇంట్లో ఇలా చేయండి

- దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయండి.
- చీపురుతో దుమ్ము లేపకుండా తడిగుడ్డతో తుడవండి.
- వయ్యారిభామను పూతకు రాకముందే, చేతికి తొడుగుతో పీకేయండి.
- చెక్కపని చేసేవారు మాస్కు పెట్టుకోండి. పని బట్టలు మార్చుకున్నాకే పిల్లలను ఎత్తుకోండి.

ఇవి కనిపిస్తే ఆగొద్దు

మాట పూర్తిగా చెప్పలేకపోవడం, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాక్కోవడం, పెదాలు నీలిరంగుకు మారడం, పఫ్‌లు పీల్చినా తగ్గకపోవడం లేదా నాలుగు గంటల్లోపే మళ్లీ అవసరం కావడం... వీటిలో ఏ ఒక్కటి ఉన్నా 108కి ఫోన్ చేయండి. వాహనం వచ్చేలోగా డాక్టరు ముందే రాసిచ్చిన ప్రకారం స్పేసర్‌తో పఫ్‌లు ఇస్తూ ఉండండి. నెల్లూరు దాకా ఆగకుండా ముందు దగ్గరలోని ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టించండి.

ఈ రాత్రి పడుకునేముందు ఒకసారి మందుల డబ్బా తీసి చూడండి. అందులో సాల్బుటమాల్ ఒక్కటే ఉంటే, డాక్టరును అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ‘మా వాడి ఆయాసానికి మందుంది, మరి వాపుకో?’