సెల్ ఫోను – మన భయములు, మన అలవాటులు

మా హోసూరు ప్రాంతమున సెల్ ఫోను లేని ఇల్లు ఈనాడు లేదనిన అతిశయోక్తి కాదు. తెల్లవారుజామున గులాబీలు కోయించు రైతు బెంగుళూరు పూలమార్కెట్టులో ఆనాటి ధర యెంతయో తెలిసికొనుట దీనితోనే. రాయకోట మార్కెట్టునకు టమాటాలు బండికెత్తించు రైతు ముందుగా మండీవారిని విచారించుటయు దీనితోనే. సిప్కాట్ కర్మాగారములలో రాత్రి షిఫ్టునకు పోయిన తండ్రి తన బిడ్డలతో మాటలాడుటయు, కుప్పము, చిత్తూరు వైపునకు కాపురమునకు పోయిన కూతురు తల్లిని పలుకరించుటయు దీనితోనే. 2020, 2021 సంవత్సరములలో కరోనా వ్యాధి వలన బడులు మూతపడినపుడు మన తెలుగు పాఠములు పిల్లల యిండ్లకు చేరినదియు దీని మూలముననే. ఇంత యుపకారము చేయు వస్తువును నిందించుట మా యుద్దేశము కాదు.

అయినను దీనిని గూర్చి జనులలో రెండు విధములైన పొరపాటులు కలవు. అంతగా భయపడ నక్కరలేని చోట మిక్కిలి భయపడుట యొకటి. జాగ్రత్తపడవలసిన చోట నిశ్చింతగా నుండుట మరియొకటి. ఈ రెండింటిని మేము ఒక్క వీధిలోనే చూచితిమి.

గత సంవత్సరము మా పట్టణమున నొక మేడపై సెల్ ఫోను టవరు నిలుపుటకు పని మొదలయ్యెను. ఆ వీధివారు కూడి, దాని కిరణముల వలన తమ పిల్లలకు కేన్సరు వచ్చునని కలవరపడి, అధికారులకు అర్జీ వ్రాసి యిమ్మని మా యొద్దకు వచ్చిరి. అర్జీ తమిళమున వ్రాయవలసినదే యైనను, తెలుగు పంతులుగారు నాలుగు పుస్తకములు చూచి వ్రాయుదురని వారి నమ్మకము. విషయము తెలియక వ్రాయరాదని తలచి మేము వారము దినములు గడువు కోరితిమి.

ఆ వారములోనే యొకనాడు ఎనిమిదవ తరగతిలో పద్యము చెప్పుచుండగా నొక బాలుడు బల్లపై తల వాల్చి నిద్రపోయెను. లేపి యడుగగా, "రాత్రి రెండు గంటలదాకా ఫోన్‌లో ఆట ఆడినాను సార్" అనెను. ఫోను ఎక్కడ పెట్టుకొని పండుకొంటివని యడుగగా, "దిండు కింద" అనెను. అర్జీపై మొదటి సంతకము చేయుటకు సిద్ధపడిన పెద్దమనిషి యీ బాలుని తండ్రియే. టవరును గూర్చిన భయము ఆ యింట నుండెను. దిండు క్రింది ఫోనును గూర్చిన చింత లేకుండెను. ఆ వారమున మేము చదివి తెలిసికొన్న సంగతులనే యిచట వివరించుచున్నాము.

సెల్ ఫోను ఎట్లు పని చేయును?

సెల్ ఫోను ఒక చిన్న రేడియో. అయితే యింటి రేడియో వినిపించుటయే కాని పంపలేదు. ఇది వినును, పంపును. మనము మాటలాడినపుడు మన గొంతు విద్యుత్ సంకేతములుగా మారి, రేడియో తరంగములపై దగ్గరి టవరునకు చేరును. అచటి నుండి తీగలపై గాని, మరల తరంగములపై గాని ప్రయాణము చేసి, అవతలివారి దగ్గరి టవరు నుండి వారి ఫోనునకు అందును. ఒక్కొక్క టవరు ఏలుకొను ప్రదేశమునకు 'సెల్' అని పేరు. తేనెపట్టులోని అరల వలె ఈ సెల్‌లు ఒకదానినొకటి ఆనుకొని దేశమంతయు పరచుకొని యుండును. హోసూరు నుండి అత్తిబెలె మీదుగా బెంగుళూరునకు బస్సులో పోవుచు మనము మాటలాడుచుండగా, మన మాట ఒక అర నుండి మరియొక అరకు మనకు తెలియకుండగనే మారిపోవుచుండును.

ఈ తరంగములు నిన్న నేడు పుట్టినవి కావు. 1888 నాటికే జర్మనీ దేశపు హెర్ట్జ్ వీని ఉనికిని ప్రయోగమున నిరూపించెను. 1895లో మన జగదీశ చంద్ర బోసు కలకత్తాలో అట్టి తరంగములను గోడల గుండ పంపి దూరమున నున్న గంటను మ్రోగించెను. చేత పట్టుకొను ఫోనుతో తొలిసారి మాటలాడినవాడు అమెరికా దేశపు మార్టిన్ కూపర్. ఆ దినము 1973 ఏప్రిల్ 3. ఆ ఫోను ఒక కిలోకు మించిన బరువు. మన దేశమున 1995 జులై 31వ తేదీన పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతి బసు కలకత్తా నుండి ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్ రాంతో మాటలాడుటతో నీ సౌకర్యము ఆరంభమయ్యెను. అప్పటికిని సామాన్యులకు అది అందని పండే. మేము తిరుపతిలో ఉపాధ్యాయ శిక్షణ పొందిన దినములలో ఇంటికి మాటలాడవలెనన్న, రాత్రి ధర తగ్గువరకు వేచి, ఎస్.టి.డి. బూతు ముందు వరుసలో నిలిచెడి వారము. నేడు ఆ బూతులు కానరావు.

రెండు జాతుల కిరణములు

'రేడియేషన్' అను మాట వినగనే జనులకు అణుబాంబు, ఎక్స్‌రే స్ఫురించును. భయమంతయు ఈ మాటలోనే కలదు. నిజమునకు కిరణములు రెండు జాతులు. ఎక్స్‌రే, గామా కిరణముల వంటివి మిక్కిలి శక్తి కలవి. అవి మన శరీర కణములలోని అణువుల నుండి ఎలక్ట్రానులను ఊడదీసి, వంశలక్షణములను మోయు డి.ఎన్.ఏ. అను పదార్థమును చెఱుపగలవు. కేన్సరునకు అది దారి తీయవచ్చును. ఎక్స్‌రే గదిలోని సిబ్బంది సీసపు తొడుగు ధరించుట అందువలననే.

సెల్ ఫోను తరంగములు రెండవ జాతికి చెందినవి. వీనికి ఎలక్ట్రానులను ఊడదీయు శక్తి లేదు. మన కంటికి కనబడు దీపపు వెలుతురు కంటెను ఈ తరంగముల రేణువుల శక్తి ఎన్నో రెట్లు తక్కువ. ఇవి శరీరమున కలిగించునని నిశ్చయముగ తెలిసిన మార్పు ఒక్కటే: కొద్దిపాటి వేడి. ఆ వేడి మితి మీరకుండుటకు ప్రభుత్వము హద్దు విధించినది. శరీరము కిలో ఒక్కింటికి గ్రహించు శక్తి 1.6 వాట్లకు మించరాదని మన దేశపు నియమము. ఏ ఫోనులో నైనను స్టార్, హ్యాష్, సున్న, ఏడు, హ్యాష్ అను మీటలను వరుసగా నొక్కినచో ఆ ఫోను అంకె సాధారణముగ తెరపై కనబడును. చాలసేపు మాటలాడినపుడు చెవి వెచ్చబడుటకు ముఖ్యకారణము ఫోనులోని బ్యాటరీ వేడియు, ఫోనును చెవికి అదిమి పట్టుటయు.

ఇక టవరు మాట. దీపమునకు దూరముగ జరిగిన కొలది వెలుతురు తగ్గునట్లే తరంగముల బలమును తగ్గును. దూరము రెట్టింపైన బలము నాలుగవ వంతగును. మూడు రెట్లయిన తొమ్మిదవ వంతగును. టవరు తరంగములు నేరుగ క్రిందికి గాక, పైనుండి దూరమునకు చిమ్మబడును. మన ప్రభుత్వము 2012 సెప్టెంబరు 1 నుండి టవరుల తరంగములకు అంతర్జాతీయ ప్రమాణములో పదవ వంతునే హద్దుగా విధించినది. కావున తలకు తగులు తరంగములలో ఎక్కువ భాగము వీధిలోని టవరు నుండి కాక, చెవికి ఆనించిన ఫోను నుండియే వచ్చును.

మరియొక విశేషము. దూరముగ నున్న వానిని పిలువవలెనన్న గొంతెత్తి కేక వేయుదుము. ప్రక్కనున్న వానితో మెల్లగా మాటలాడుదుము. ఫోనును అంతే. టవరు దగ్గర నున్నచో అది తక్కువ బలముతో పంపును. దూరమైన కొలది తన బలమంతయు వెచ్చించును. టవరు దూరముగ నుండిన మేలని తలచువారు ఈ సంగతి గమనింపవలెను.

శాస్త్రజ్ఞులు ఏమి కనుగొనిరి?

2011 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సరు పరిశోధన సంస్థ ఈ తరంగములను '2 బి' తరగతిలో చేర్చినది. 'కేన్సరు కలిగించుటకు అవకాశము ఉండవచ్చును. సాక్ష్యము పరిమితము' అని దాని యర్థము. పత్రికలు మొదటి సగమును మాత్రమే పెద్ద అక్షరములతో ముద్రించినవి. చైనా, కొరియా, జపాను దేశములలో సంప్రదాయముగ ఊరవేయు కూరగాయలును ఈ తరగతిలోనే యున్నవి. అంతమాత్రమున అచటివారు జాడీలను వీధిలో పారవేయలేదు.

2018లో అమెరికాలో ఎలుకలపై జరిపిన యొక ప్రయోగమున కొన్ని మగ ఎలుకల గుండెలలో కంతులు కనబడినవి. అయితే వానికి నిత్యము తొమ్మిది గంటల చొప్పున, ఒడలంతయు తగులునట్లు, ఎక్కువ బలము గల తరంగములను ప్రసరింపజేసిరి. మన వాడుకకు అది సరిపోలదు. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరికపై, 1994 మొదలు 2022 వరకు వెలువడిన 63 పరిశోధనలను పండితులు కలిపి పరిశీలించిరి. సెల్ ఫోను వాడుకకును మెదడు కేన్సరునకును సంబంధము వారికి కనబడలేదు. పది సంవత్సరములకు మించి వాడినవారిలోను కనబడలేదు. ఇన్ని కోట్ల ఫోనులు వచ్చినను మెదడు కంతులు ఆ లెక్కన పెరుగలేదు. శాస్త్రము ఎన్నడును తలుపు పూర్తిగ మూయదు; పరిశీలన సాగుచునే యుండును. అందాక, చాలసేపు మాటలాడవలసినపుడు స్పీకరు గాని, తీగ గల ఇయర్‌ఫోను గాని వాడుట ఖర్చు లేని జాగ్రత్త.

కంటికి కనబడు హానులు

తరంగముల హాని ఇంతవరకు ఋజువు కాలేదు. కాని యీ క్రింది హానులు ఋజువు కోరనివి; ఇవి మా తరగతి గదిలోనే కనబడుచున్నవి.

మొదటిది నిద్ర. 6 మొదలు 12 ఏండ్ల పిల్లలకు 9 నుండి 12 గంటలు, 13 మొదలు 18 ఏండ్ల వారికి 8 నుండి 10 గంటలు నిద్ర కావలెనని వైద్యులు చెప్పుదురు. చీకటి పడగనే మెదడులోని యొక గ్రంథి మెలటోనిన్ అను రసమును విడిచి నిద్రను పిలుచును. తెరలోని నీలి వెలుతురు దానిని ఆలస్యము చేయును. ఆటలును, ఒకదాని వెనుక నొకటి వచ్చు చిన్న చిత్రములును మనస్సును రెచ్చగొట్టి మేలుకొల్పును. పగలు చదివినది జ్ఞాపకమున కుదురుకొనునది నిద్రలోనే. రాత్రి రెండు గంటల వరకు మేలుకొన్న బాలునకు నేటి పద్యము ఎక్కదు. నిన్నటి పద్యమును నిలువదు.

రెండవది కన్ను. మామూలుగ నిమిషమునకు పదిహేను మారులు ఆడు రెప్పలు తెర ముందు అందులో సగమునకు తగ్గును. కన్ను ఎండి మండును. ఇరువది నిమిషముల కొకసారి ఇరువది అడుగుల దూరమున నున్న వస్తువును ఇరువది సెకనులు చూచుట మంచిది. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరమున బడిపిల్లలను దినమునకు 40 నిమిషములు అదనముగ ఆరుబయట నుంచిరి. మూడేండ్ల పిదప వారిలో నూటికి 30 మందికి, తక్కిన పిల్లలలో నూటికి 40 మందికి హ్రస్వదృష్టి కలిగెనని 2015లో ప్రకటించిరి. ఆట స్థలమును మించిన కంటి వైద్యుడు లేడని దీని భావము.

మెడ సంగతి క్లుప్తముగ చెప్పుదుము. మన తల బరువు సుమారు అయిదు కిలోలు. వంగిన కొలది మెడపై భారము ఎన్నో రెట్లు పెరుగును. ఫోనును కంటి యెత్తునకు దగ్గరగ పట్టుకొనవలెను. ఇయర్‌ఫోనును మితిమీరిన ధ్వనితో విన్నచో చెవిలోని సున్నితమైన కణములు చచ్చును. అవి మరల పుట్టవు. బండి నడుపుచు ఫోను వాడువారు ప్రమాదమున పడు సంభవము సుమారు నాలుగు రెట్లని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. లారీలు ఎడతెగక తిరుగు కృష్ణగిరి – బెంగుళూరు రహదారి ప్రక్కన నివసించు మనకు ఈ మాట వేరుగ చెప్పనక్కరలేదు.

తల్లిదండ్రులకు ప్రత్యేకముగ

ఐదేండ్ల లోపు పిల్లలను గూర్చి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పినది స్పష్టము. ఏడాది బిడ్డకు తెర అసలే వలదు. రెండు మొదలు నాలుగేండ్ల వారికి దినమునకు ఒక గంటకు మించరాదు. కాని మన యిండ్లలో జరుగుచున్న దేమి? బిడ్డ అన్నము తినుటకు ఫోను ముందుంచవలెను. ఒకప్పుడు అవ్వ చంకనెత్తుకొని చందమామను, కాకిని, పిచ్చుకను చూపి ముద్ద పెట్టెడిది. ముద్ద ముద్దకు ఒక మాట బిడ్డ చెవిన పడెడిది.

తెర ముందు గడుపు కాలము పెరిగిన కొలది పసిపిల్లలు పెద్దల నోట వినెడి మాటలు తగ్గునని 2024లో ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రకటించిరి. తెలుగుదేశమున బిడ్డ యింట వినని మాటను వీధిలో వినును, బస్సులో వినును, గోడపై చదువును. మన బిడ్డలకు ఆ వసతి లేదు. వీధి తమిళము, కన్నడము నేర్పును, నేర్చుట మంచిదే. తెలుగు నేర్పునది ఇల్లొక్కటే. ఆ యింట తల్లియు తండ్రియు అవ్వయు తలయొక ఫోను పట్టుకొని మౌనముగ కూర్చున్నచో, ఒకటవ తరగతిలో ఆ బిడ్డకు తెలుగు పాఠము పరాయిపాఠమగును. ఈ హానిని కొలుచు యంత్రము లేదు. మేము ఏటేట పలకల ముందు కూర్చుండి చూచుచున్నాము. అదే ఫోనుతో కుప్పములోని తాతతో బిడ్డచే తెలుగున మాటలాడించినచో అది మేలే చేయును.

ఆచరింపదగిన నియమములు

1. పండుకొనుటకు ఒక గంట ముందుగ ఫోనును మూసి, పడకకు దూరముగ నుంచవలెను. దిండు క్రింద నుంచి చార్జి చేయరాదు. వేడి పోవుటకు దారి యుండదు.
2. అన్నము తినుచోట ఫోను ఉండరాదు. ఈ నియమము పెద్దలకును వర్తించును.
3. సిగ్నలు తక్కువగ నున్నపుడు చాలసేపు మాటలాడరాదు.
4. బండిపై నున్నపుడును, రోడ్డు దాటునపుడును ఫోను ముట్టరాదు.
5. సాయంకాలము ఒక గంటయైన ఆరుబయట ఆడవలెను.

అర్జీ మాట యేమయినదని చదువరులు అడుగవచ్చును. గడువు దినమున వీధివారు రాగా మేము ఈ సంగతులన్నియు చెప్పితిమి. టవరును తొలగింపుమని కాక, దాని తరంగముల బలమును కొలిచి వీధివారికి తెలుపుమని అర్జీ వ్రాసితిమి. అట్లడుగుట పౌరుల హక్కు. 2017లో కేంద్ర ప్రభుత్వము ఇందులకై 'తరంగ్ సంచార్' అను ఏర్పాటు చేసినది. కొందరు సంతకము చేసిరి. కొందరికి మా మాట నచ్చక వెడలిపోయిరి. ఆ బాలుని తండ్రి మాత్రము చివరి వరకు కూర్చుండి, "ఈ రాత్రి నుంచి వాని ఫోను నా దగ్గర పెట్టుకొని పండుకొంటాను సార్" అనెను.

"మీ దగ్గర వలదు, వంటింటిలో పెట్టుడు. మీరును నిద్రపోవలెను గదా!" అంటిమి.