పతకం లేని పరుగు!

'అశ్విని' చిత్రం మీకు గుర్తుండే ఉంటుంది. 1991లో ఉషాకిరణ్ మూవీస్ వారు మౌళి దర్శకత్వంలో తీసిన ఆ సినిమాలో నిజజీవిత అథ్లెట్ అశ్వినీ నాచప్పే కథానాయిక. వెండితెర పరుగుకి ఓ గమ్యం ఉంటుంది, చివర్లో చప్పట్లుంటాయి. మరి కప్పూ, చప్పట్లూ ఏవీ లేకుండా ఏళ్ల తరబడి తెల్లారగట్ల పరుగులు తీసేవాళ్ల సంగతేమిటి?

ఈ ప్రశ్న పట్టుకుని ఓ వారం రోజులు హైదరాబాదు కె.బి.ఆర్. పార్కు చుట్టూ తిరిగాను.

"షుగరుందని డాక్టరు భయపెడితే మొదలెట్టాను. భయం ఆర్నెల్లలో పోయింది, పరుగు మిగిలింది" అన్నారో బ్యాంకు ఉద్యోగి. ఓ ఇల్లాలి మాట ఇంకోలా ఉంది: "రోజంతా ఎవరో ఒకరు పిలుస్తూనే ఉంటారు. ఈ గంటసేపూ నన్నెవరూ పిలవరండీ!"

పరిగెత్తితే మనసు తేలికపడే మాట నిజమే. ఆ హుషారు ఎండార్ఫిన్ల పుణ్యమేనని చాలాకాలం అనుకున్నారు. గంజాయిలోని పదార్థాన్ని పోలి, మన ఒంట్లోనే పుట్టే ఎండోకానబినాయిడ్లకే ఎక్కువ పాత్ర ఉండొచ్చని ఈమధ్య పరిశోధనలు చెబుతున్నాయి. అయితే ఆ హుషారు రోజూ రాదు. రాని రోజున కూడా బూట్లు తొడుక్కోవాలిగా!

నటుడు మిలింద్ సోమన్ యవ్వనంలో ఈత ఛాంపియన్. పరుగు పట్టుకున్నది మాత్రం 2004లో, 38వ ఏట, ముంబై మారథాన్‌తో. 2015లో జూరిచ్‌లో ఐరన్‌మాన్ పూర్తి చేశారు. అంటే ఒకే రోజున 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిలు, ఆపైన 42 కిలోమీటర్ల పరుగు!

ఫౌజా సింగ్ కథ వేరు. భార్యా, కొడుకూ పోయిన దుఃఖంలోంచి పరుగులోకి వచ్చి, 89వ ఏట, 2000లో లండన్ మారథాన్ పరిగెత్తారు. 2025 జూలైలో పంజాబ్‌లో రోడ్డు ప్రమాదంలో కన్నుమూశారు.

ఆయన పేరెత్తగానే పార్కులో ఓ రిటైర్డు మాస్టారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు: "మా ఆవిడ పోయాక ఇంట్లో నన్ను లేపేవాళ్లు లేరు బాబూ. ఇక్కడ గేటు దగ్గర నలుగురు చూస్తుంటారు. ఒక్కరోజు రాకపోతే ఫోన్ చేస్తారు. ఆ ఫోన్ రానివ్వకూడదనే పరిగెడుతున్నా."

పరుగు మొదలెట్టడానికి కారణాలు వెయ్యి. మానకుండా ఉండటానికి మాత్రం గేటు దగ్గర ఒక్క మనిషి చాలు. మీ ఇంటి దగ్గర పార్కులో అలాంటి మనిషి ఉన్నారేమో, రేపు పొద్దున్న ఓసారి చూసి రండి!