అతిస్వేదము – గృహచికిత్సలు

చెమట మనకు శత్రువు కాదు. రోహిణికార్తె యెండలలో మన ప్రాణమును కాపాడునది అదియే. మన చర్మమునందు ఇంచుమించు 20 లక్షలు మొదలు 40 లక్షల వరకు స్వేదగ్రంథులు గలవు. అవి వెలువరించు నీరు ఆరుచు దేహతాపమును హరించుచుండును. కావున చెమటను బొత్తిగా మాన్పవలెనని యత్నించుట తగదు.

అయితే ఎండయు, శ్రమయు, జ్వరమును లేకయే అరచేతులనుండి నీరు కారు బాలికలు కొందరు గలరు. పరీక్ష వ్రాయుచుండగా కాగితము తడిసి సిరా అలికిపోవును. తోడి పిల్లలు చేయి పట్టుకొనవచ్చిన, సిగ్గుపడి వెనుకకు తీసికొందురు. ఇంటివారు సానుభూతి చూపుటకు మారుగా పిరికిదనియు, శుభ్రత తెలియనిదనియు గేలిచేయుదురు. ఆ మాటలతో చెమట మరింత హెచ్చును! ఇది పిరికితనమును గాదు, అశుభ్రతయు గాదు. స్వేదగ్రంథులను నడుపు నాడులు అవసరమునకు మించి పనిచేయుటయే దీనికి కారణము. తరచుగా ఇది వంశమున నుండును, బాల్యముననో, యౌవనారంభముననో బయలుపడును, రెండు చేతులకును సమముగా నుండును, నిద్రలో ఆగిపోవును. ఈ కడపటి గుర్తును తల్లులు ముఖ్యముగా జ్ఞప్తియం దుంచుకొనవలయును.

చెమట కనగానే మనవారు వట్టివేరు, మంచిగంధము, సుగంధిపాల అని చెప్పుదురు. అవి హాయి గొలుపును. మేము వానిని కాదనము. కాని అరచేతి చెమట వానితో తగ్గునని తలచి నెలల తరబడి కాచుకొనుట వ్యర్థము. నిజమునకు కొంత మేలుచేయునవి వగరు వస్తువులు. వగరు చర్మపు పైపొరను బిగించి స్వేదరంధ్రములను కొంత ముడుచును. ఒక లీటరు నీటిలో నాలుగైదు చెంచాల తేయాకు వేసి మరిగించి, వడగట్టి, గోరువెచ్చనైన పిదప అందు అరచేతులను గాని అరికాళ్లను గాని రాత్రిపూట ఇరువది నిమిషము లుంచవలయును. పాలు, పంచదార వేయరాదని వేరుగ చెప్పనక్కరలేదు గదా! చర్మము కొంచెము రంగెక్కును, భయపడ పనిలేదు. కరక్కాయలోని వగరును ఈ జాతిదే. కలంకారీ పనివారు బట్టపై రంగు నిలుచుటకు దానినే వాడుదురు. తేయాకు ప్రతి యింటను ఉండును గనుక దానినే ముందు చెప్పితిమి.

చంకలకు పటిక మంచిది. పటికబెల్లము కాదు సుమా! స్నానానంతరము పటిక ముక్కను తడిపి మృదువుగా రాచి ఆరనిచ్చిన చాలును. పుండ్లు, గీతలు ఉన్నచోటను, రోమములు తీసిన వెంటనే యు రాయరాదు. వైద్యు లిచ్చు అల్యూమినియమ్ క్లోరైడు మందు పటికకు దాయాదియే. అది మరింత బలమైనది, రాత్రి పొడి చర్మముపై రాయవలసినది. నిమ్మరసము, వంటసోడా రుద్దుట మాత్రము మేమొప్పము. చర్మము మండి నల్లబడును.

చెమటకు స్వతస్సిద్ధముగా వాసన యుండదు. చర్మముపై నుండు సూక్ష్మజీవులు దానిని విరిచి దుర్గంధము పుట్టించును. కనుక సున్నిపిండితోనైనను సబ్బుతోనైనను కడిగి, తడి లేకుండ తుడిచి, నూలు రవికలు ధరించుట అత్తరుకంటె మేలు. చెమట తగ్గునని నీరు త్రాగుట మానుట కేవలము అవివేకము. వేసవిలో పలుచని మజ్జిగ ధారాళముగా త్రాగవలయును.

వీనితో గుణము కనబడనిచో చర్మవైద్యుని చూడవలయును. చేతులను నీటిలో ఉంచి స్వల్పవిద్యుత్తును పంపు చికిత్స గలదు, పెక్కుమందికి సుఖమిచ్చినది.

నలుబదియైదేండ్లు దాటిన స్త్రీలకు ముట్లుడుగు కాలమున హఠాత్తుగా వేడి యెగసి ముఖము చెమర్చుట కలదు. అది వేరు సంగతి. కాఫీ, కారము తగ్గించిన కొందరికి ఉపశమించును. కాని రాత్రులు పక్క తడియునట్లు చెమట పట్టుచు, సాయంకాలజ్వరము, రెండువారములు మించిన దగ్గు, దేహము చిక్కుట ఉన్నచో క్షయ యున్నదేమో పరీక్షింపవలయును. ప్రభుత్వాసుపత్రులలో ఆ పరీక్షయు మందులును ఉచితము. మధుమేహమునకు మందు పుచ్చుకొనువారికి వణకుతో చెమట పట్టినచో వెంటనే పంచదారనీరు ఇవ్వవలయును. ఛాతీ బరువెక్కి, ఆయాసముతోనో వాంతిభావముతోనో చల్లని చెమట పట్టినచో కషాయములు కాచుచు కూర్చుండరాదు. స్త్రీలలో గుండెజబ్బు ఒక్కొక్కప్పుడు నొప్పి లేకయే వచ్చును. ఆ క్షణమే 108కి ఫోను చేయవలయును.