ఇటు వియ్యంకుడైతే అటూ వియ్యంకుడే

చుట్టరికపు మాటల్లో కొన్ని ఎటునుంచి పిలిచినా మారవు. వియ్యంకుడికి అవతలివాడూ వియ్యంకుడే. తోడల్లుళ్లూ అంతే, తోటికోడళ్లూ అంతే. రాయలసీమలో వాళ్లను సడ్డకులు, యారాళ్లు అన్నా లెక్క మారదు. ఇంకొన్నింటికి చుట్టరికం ఒకటే, పేర్లు రెండు: మామా అల్లుడు, అత్తా కోడలు, అన్నా చెల్లెలు. అల్లుడు లేనిదే మామకు ఆ పేరే రాదు.

తిరుచానూరు చుట్టుపక్కల దేవుళ్లకూ ఈ వరసలు తప్పలేదు. పద్మావతిని పెళ్లాడిన శ్రీనివాసుడు నారాయణవనం ఆకాశరాజుకు అల్లుడు. తిరుపతి గోవిందరాజస్వామికి తమ్ముడు, తాతయ్యగుంట గంగమ్మకు అన్న. పెళ్లి ఖర్చుకు అప్పు చేశాడు కాబట్టి కుబేరుడికి బాకీదారు కూడా. ఈ వరసలు కథల్లోనే ఆగిపోలేదు. గంగమ్మ జాతరకు తిరుమల తిరుపతి దేవస్థానం సారె పంపుతుంది. అది ఆడపడుచుకు పుట్టింటివారు పెట్టేది. కార్తీక బ్రహ్మోత్సవాల చివర పంచమి తీర్థం నాడు తిరుచానూరు పద్మావతి అమ్మవారికీ తిరుమల నుంచే పసుపు, కుంకుమ, పట్టుచీరలతో సారె వస్తుంది. అది మాత్రం భర్త పంపేది. సారె అన్న మాట ఒకటే, వరస వేరు.

మనుషుల్లో పిల్లనిచ్చి పుచ్చుకోవడం అనే మాటలోనే రెండువైపుల లావాదేవీ ఉంది. దాని కొస కుండమార్పిడి పెళ్లి. ఇద్దరు మగవాళ్లు ఒకరి తోబుట్టువును ఒకరు చేసుకుంటే, ఎవరి భార్య అన్నదమ్ముడు ఎవరో చూడండి: ఇతనికి అతను బావమరిది, అతనికి ఇతనూ బావమరిదే. మామూలుగా బావ ఒకవైపు, బావమరిది ఒకవైపు ఉండాల్సిన జంట ఇక్కడ అటూ ఇటూ ఒకటైపోతుంది.

క్రియల్లో ఇలా రెండువైపులా చెప్పే పని ‘కొను’ది. ‘ప్రేమించాడు’ అంటే ఆవిడ సంగతి తెలియదు. ‘ప్రేమించుకున్నారు’ అంటే ఇద్దరి మనసూ ఒకటే. అయితే ‘కొను’ ఎప్పుడూ ఇద్దరినీ చెప్పదు. తల బాదుకున్నవాడు తన తలే బాదుకుంటాడు, మనసులో తిట్టుకున్నవాడి తిట్టు ఎదుటివాడికి వినపడదు. అత్తాకోడళ్లు తిట్టుకున్నారంటే ఎదురెదురుగానా, ఎవరి గదిలో వాళ్లా? అనుమానం తీరాలంటే ‘ఒకరినొకరు’ చేర్చాలి. మనుషులు కాకపోతే ‘ఒకదాన్నొకటి’.

పోలికకు వస్తే భాష పక్షపాతం చూపిస్తుంది. నిజానికి పోలిక రెండువైపులా సమానమే. అయినా కొడుకు తండ్రిలా ఉన్నాడంటారు గానీ, తండ్రి కొడుకులా ఉన్నాడని ఎవరూ అనరు.