గుచ్చుకున్నది కాలికి, బిగుసుకున్నది దవడ – ఎందుకని?

కాలికి మేకు గుచ్చుకుంటే ధనుర్వాతం వస్తుందని పెద్దలు అంటారు కదా. గాయం కాలికైతే దవడ బిగుసుకోవడమేంటి? ఈ సందేహం నన్ను చాలా రోజులు వదల్లేదు. చదివి తెలుసుకున్నది మీ కోసం రాస్తున్నాను.

మన నాడీకణాలు ఒకదానికొకటి అంటుకుని ఉండవు. మధ్యలో సన్నని సందు ఉంటుంది. దాన్నే సినాప్స్ అంటారు. నాడి వెంట కరెంటులా వచ్చిన కబురు ఈ సందు దాటలేదు. అందుకే నాడి చివర బుల్లి బుల్లి సంచుల్లో రసాయనం సిద్ధంగా ఉంటుంది. కబురు రాగానే సంచి తెరుచుకుని రసాయనం సందులో పడుతుంది. అవతలి కణానికి కబురు అందుతుంది.

మరి సంచిని తెరిచేది ఎవరు? ప్రొటీన్లు! సంచి మీద సినాప్టోబ్రెవిన్, నాడి పొర మీద సింటాక్సిన్, స్నాప్-25 ఉంటాయి. ఈ మూడూ నార పేనినట్టు మెలిపడి సంచిని పొర దగ్గరికి లాగుతాయి. సినాప్టోటాగ్మిన్ అనేది కాపలాదారు. కాల్షియం లోపలికి రావడం చూసి అది సైగ చేస్తుంది. అంతే, సంచి తెరుచుకుంటుంది! కణాల్లో ఈ సంచుల రాకపోకల గుట్టు విప్పినందుకే రోత్‌మన్, షెక్‌మన్, సూడాఫ్ అనే శాస్త్రవేత్తలకు 2013లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ధనుర్వాతం క్రిమి మట్టిలో, పేడలో ఉంటుంది. గాలి తగలని లోతు గాయంలో పెరిగి విషం తయారు చేస్తుంది. ఆ విషం రక్తంలో కలిసి ఒళ్ళంతా చేరుతుంది, నాడుల వెంట వెన్నుపాముకు, మెదడుకు పాకుతుంది. దవడ నాడులు పొట్టివి. అందుకే అక్కడ ముందు తెలుస్తుంది.

అక్కడికి చేరి ఏం చేస్తుంది? కత్తెరలా సినాప్టోబ్రెవిన్‌ను కత్తిరిస్తుంది. ఇది 1992లో తేలింది. అన్ని నాడుల్లో కాదు, ముఖ్యంగా కండరానికి ‘వదులు’ అని చెప్పించే నాడుల్లో. చెయ్యి మడిచినప్పుడు ఒక కండరం బిగిస్తే దాని జత కండరం వదులవ్వాలి. ‘వదులు’ అనే కబురు ఆగిపోతే అన్నీ ఒకేసారి బిగుసుకుంటాయి. ఒళ్ళు విల్లులా వంగుతుంది. ధనుర్వాతం అన్న పేరు అందుకే!

విషం ఒకసారి నాడిలో దూరాక ఏ మందూ దాన్ని బయటికి తీయలేదు. టీకా వల్ల పుట్టే రక్షణ దాన్ని దారిలోనే పట్టుకుంటుంది. ఇంకో మాట: జబ్బు వచ్చి బతికినవాళ్ళకు మళ్ళీ రావచ్చు. వాళ్ళకూ టీకా కావాలి.

పుట్టిన పిల్లల ధనుర్వాతాన్ని మన దేశం నిర్మూలించిందని 2015లో ప్రకటించారు. కానీ క్రిమి మట్టిలోనే ఉంది. కాబట్టి గాయానికి మట్టి, పేడ పెట్టవద్దు. సబ్బు నీళ్ళతో కడిగి ఆసుపత్రికి వెళ్ళాలి. బొడ్డు కోసేది శుభ్రమైన కొత్త బ్లేడుతోనే అని ఇంట్లో చెప్పండి.

పదేళ్ళకు ఒకటి, పదహారేళ్ళకు ఒకటి టీడీ సూది వేస్తారు. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! నర్సమ్మ వచ్చిన రోజు స్టోరు రూము వెనక దాక్కోకండి. పదో తరగతి వాళ్ళం మేమూ వేయించుకుంటాం, మా పక్కన వచ్చి నిలబడండి.