కొత్త గ్రాఫిక్స్ కార్డు కొంటే గేమ్ నిజంగానే అందంగా మారుతుందా?

కోల్‌కతాలో కంప్యూటర్ విడిభాగాలంటే ముందు గుర్తొచ్చేది చాందినీ చౌక్. గేమింగ్ పీసీ కట్టించుకోవాలని అక్కడికి వెళ్లేవారికి కార్డు ధర, దానిలో 18 శాతం జీఎస్టీ చూశాక ఒక అనుమానం రాక తప్పదు. ఇంత డబ్బు పోస్తే గేమ్‌లో మంట, పొగ, నీళ్లు నిజంగా మారతాయా, లేక డబ్బా మీద అక్షరాలు మాత్రమే మారతాయా?

ఈ అనుమానానికి చరిత్ర ఉంది. 2007లో వచ్చిన 'క్రైసిస్'లో 'వెరీ హై' సెట్టింగ్‌ను విండోస్ విస్టా, డైరెక్ట్‌ఎక్స్ 10 ఉన్నవారికే ఇచ్చారు. అయితే కాన్ఫిగరేషన్ ఫైల్‌లో కొన్ని విలువలు మారిస్తే, పాత ఎక్స్‌పీ మీద డైరెక్ట్‌ఎక్స్ 9తోనూ వాటిలో చాలా ఎఫెక్టులు వస్తాయని ఆటగాళ్లు త్వరలోనే కనిపెట్టారు.

అలాగని అంతా మాయ అనలేం.

2018లో ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 20 సిరీస్‌తో తెచ్చిన రే ట్రేసింగ్ అసలైన మార్పే. అంతకుముందు చాలా గేమ్‌లు, తెర మీద ఉన్న బొమ్మనే నీళ్లలో తిరగేసి చూపించేవి. కెమెరాను కిందికి వంచితే ఎదుటి మేడ తెర దాటిపోతుంది, దాంతో నీళ్లలోని మేడ కూడా మాయమవుతుంది. వాన వెలిశాక కాలేజ్ స్ట్రీట్‌లో నిలిచిన నీళ్లను చూసినవారెవరికైనా ఇది తప్పని తెలుస్తుంది. రే ట్రేసింగ్‌లో కాంతి కిరణాల దారిని లెక్కగడతారు కాబట్టి, తెర మీద లేని వస్తువు కూడా ప్రతిబింబిస్తుంది. 2023లో 'సైబర్‌పంక్ 2077'కు పాత్ ట్రేసింగ్ మోడ్ జోడించాక వెలుగునీడల్లో తేడా స్పష్టంగా కనిపించింది.

కానీ దీనికి మూల్యం వేగం. రే ట్రేసింగ్‌తో వచ్చిన తొలి గేమ్ 'బ్యాటిల్‌ఫీల్డ్ 5'లో మొదట్లో దాన్ని ఆన్ చేస్తే ఫ్రేమ్‌ల సంఖ్య సగానికి పైగా పడిపోయిన సందర్భాలున్నాయి. తూటాలు దూసుకొస్తుంటే గుంటలో ప్రతిబింబాన్ని ఎవరు చూస్తారు?

ఆ లోటు పూడ్చేందుకు వచ్చిందే ఫ్రేమ్ జనరేషన్. కార్డు గీసిన రెండు ఫ్రేమ్‌ల మధ్య ఏఐ కొత్తవి చేర్చుతుంది. 549 డాలర్ల ఆర్‌టీఎక్స్ 5070, 1,599 డాలర్లకు వచ్చిన 4090తో సమానమని 2025 జనవరిలో ఎన్విడియా అధినేత జెన్సెన్ హువాంగ్ చెప్పింది ఈ లెక్కతోనే. ఇందులో ప్రతి నాలుగు ఫ్రేమ్‌లలో మూడింటిని ఏఐ సృష్టించగలదు. కదలిక నునుపుగా కనిపిస్తుంది, నిజమే. కానీ మౌస్ కదలికకు స్పందించేది కార్డు స్వయంగా గీసిన ఫ్రేమే. అసలు వేగం 30 ఫ్రేములైతే, తెర మీద 100 కనిపించినా చేతికి ఆట బరువుగానే ఉంటుంది.

కొత్త కార్డు ఉన్న ఎఫెక్టునే దెబ్బతీసిన సందర్భమూ ఉంది. ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌లో 32 బిట్ ఫిజ్‌ఎక్స్‌ను తీసేయడంతో 'మిర్రర్స్ ఎడ్జ్', 'బోర్డర్‌ల్యాండ్స్ 2' వంటి గేమ్‌లలో ఆ ఎఫెక్టుల భారం ప్రాసెసర్ మీద పడింది. పాత కార్డు మీద సాఫీగా నడిచిన దృశ్యాలు తడబడ్డాయి. విమర్శల తర్వాత, 2025 డిసెంబరులో కొన్ని గేమ్‌లకు ఆ సదుపాయాన్ని తిరిగి ఇచ్చారు.

కొనేవారు ముందు చూడాల్సింది ఇంట్లోని మానిటర్‌ను. 60 హెర్ట్జ్ తెర సెకనుకు 60 ఫ్రేములే చూపగలదు, కార్డు 200 ఇచ్చినా సరే. తర్వాత ఆడబోయే గేమ్‌ను చూడాలి. 2024 డిసెంబరులో వచ్చిన 'ఇండియానా జోన్స్ అండ్ ద గ్రేట్ సర్కిల్' రే ట్రేసింగ్ హార్డ్‌వేర్ లేని కార్డు మీద నడవదు. అలాంటివి ఆడాలనుకుంటే మార్చక తప్పదు. దుకాణంలో డెమో చూపిస్తుంటే మాత్రం, ఫ్రేమ్ జనరేషన్ ఆపేసి మరోసారి చూపించమని అడగండి.