చేతిపనికి ధర, చేసిన చేతికి విలువ

వర్ధమాన దేశాల్లో చేతితో తయారైన వస్తువులు నేడు ధనిక దేశాల ఖరీదైన దుకాణాలకు చేరి, విలాస వస్తువులుగా అమ్ముడుపోతున్నాయి. ఆ డబ్బులో తయారుచేసిన వారికి దక్కేదెంత? ఈ ప్రశ్న నుండే ఫెయిర్ ట్రేడ్, అంటే న్యాయమైన వ్యాపారం అనే ఆలోచన పుట్టింది.

1946లో ఎడ్నా రూత్ బైలర్ అనే అమెరికా మహిళ ప్యూర్టోరికో వెళ్లి, అక్కడి పేద స్త్రీలు ఎంబ్రాయిడరీ చేసిన గుడ్డలను తెచ్చి తన దేశంలో అమ్మిపెట్టారు. ఈ ఉద్యమపు తొలి అడుగుల్లో అది ఒకటి. 1989లో ఏర్పడిన ప్రపంచ ఫెయిర్ ట్రేడ్ సంస్థకు పది సూత్రాలున్నాయి. వాటి ప్రకారం ధరను ఇరుపక్షాలూ మాట్లాడుకొని నిర్ణయించాలి. చేతిపని వస్తువులకు పనివారు అడిగితే కనీసం సగం సొమ్మును వడ్డీ లేకుండా ముందే ఇవ్వాలి. ఇది చాలా ముఖ్యం. ముడిసరుకు కోసం షావుకారు దగ్గర అప్పు చేసినవాడు తన వస్తువుకు తాను ధర చెప్పలేడు కదా!

విలాస వస్తువుల కంపెనీలన్నీ ఈ సూత్రాలను పాటించేవి కావు. కొల్హాపురి చెప్పుల సంగతే చూద్దాం. తుమ్మ బెరడు, కరక్కాయలతో పదును చేసిన తోలుతో మహారాష్ట్ర, కర్ణాటకల్లోని చర్మకారులు వీటిని కుడతారు. 2019లో వీటికి భౌగోళిక గుర్తింపు లభించింది. 2025 జూన్‌లో ఇటలీకి చెందిన ప్రాడా కంపెనీ మిలాన్ ప్రదర్శనలో అచ్చం ఇలాంటి చెప్పులనే చూపింది, కానీ భారతదేశం పేరెత్తలేదు. విమర్శలు వచ్చాక వాటి మూలం ఇక్కడిదేనని ఒప్పుకుంది. డిసెంబరులో రెండు రాష్ట్రాల చర్మ పరిశ్రమల సంస్థలతో ఒప్పందం చేసుకొని, ఇక్కడే 2,000 జతలు చేయించి, జత సుమారు 800 యూరోలకు అమ్ముతామని ప్రకటించింది. మన డబ్బులో 80 వేల పైమాటే! మన బజారులో కొల్హాపురి జత వెయ్యి, రెండు వేలకే దొరుకుతుంది.

తోలు పని చేసినందుకే మనలో చాలామంది తాతలను ఊరి చివర ఉంచారు. ఆ పనే మిలాన్‌లో గౌరవం పొందింది. వస్తువుకు దక్కిన గౌరవం మనిషికీ దక్కాలంటే మూడు ప్రశ్నలు అడగాలి. ధర ఎవరు నిర్ణయించారు? పనివారికి అందిన వాటా ఎంత? వస్తువుపై వారి పేరు, ఊరు ఉన్నాయా?

ఈ ప్రశ్నలు అడగడానికి లెక్కలూ, చట్టమూ తెలియాలి. కామర్స్, లా చదువుతున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మన పెద్దల చేతుల్లో పనితనం ఉంది. ఒప్పంద పత్రం చదివి, బేరమాడే శక్తిని మనం వారికి అందిద్దాం.